ఆగిన కాడనే కాగుతది

జహీరాబాద్, బీదర్ రోడ్డు పక్కన రేకుల షెడ్డు. మే నెల, పొద్దున పదకొండు దాటింది. ముందు నిలబడి ఆవిరి కక్కుతున్న పాత ఎర్ర కారును మెకానిక్ విరూపాక్ష లోపలి నుంచే గుర్తుపట్టాడు. దాన్ని నడిపి తెచ్చిన మహేశ్వరిని చూశాక చేతిలోని పాన కింద పెట్టాడు.

"ముట్టకు! మూత ముట్టకమ్మా, మొకం మీదికి ఎగుస్తది."

"ముడుతలేనన్నా. బానెట్ లేపి పెట్టిన, అంతే."

"జర దూరం జరుగు. ఇంకా. ఆ బెంచీ మీద కూసో. అర్ధగంట దాంక దీని దగ్గరికి ఎవ్వలం పోవద్దు."

"అర్ధగంటనా? నాకు డ్యూటీ ఉన్నది."

"ఉంటే ఉండనియ్. లోపల నీళ్లు కుతకుత ఉడుకుతున్నయి. ఇప్పుడు మూత తీస్తే నీ దవాఖానల నిన్నే పండవెడ్తరు. మేడం, ఒక మాట చెప్పాలా? మార్కెట్ దిక్కు కొత్త షెడ్డు పడ్డది. అక్కడోళ్లు కంప్యూటర్ పెట్టి చూస్తున్నరు. దీన్ని ఆడికి తీస్కపో. నేనే గుంజుకపొయ్యే బండి మాట్లాడిస్త."

"ఇరవై ఏండ్ల కారుకు కంప్యూటర్ యాడ పెడ్తరన్నా?"

"యాడనో ఒక తాన పెడ్తరు. వాళ్లు చదువుకున్నోళ్లు."

"మేడం అంటున్నవేంది?"

"మరి ఏమనాలె?"

"రెండేండ్ల కింద చెల్లె అంటుండె."

"అప్పటి సంగతి వేరు."

"ఏం వేరు? ఆయన ఉండె, ఇప్పుడు లేడు. గంతే గదా వేరు."

"గట్ల గాదు..."

"పదకొండోనాడు రాలేదు నువ్వు. సంవత్సరీకానికి రాలేదు. మొన్న రాయికోడ్ల దవాఖాన ముందట నన్ను చూసి బండి మలుపుకొని పోయినవు. చూడలేదనుకున్నవా?"

"పని యాదికొచ్చింది."

"పనా?"

"పనే."

"సరే. ఇప్పుడు గూడ పనే తెచ్చిన. కారు కాగుతున్నది. చూడు."

"చూస్త. సల్లారనియ్. నీళ్లు తాగుతవా?"

"వద్దు."

"చాయ్ చెప్పాలా?"

"వద్దన్నా. నువ్వు కూసో. నువ్వు అటు ఇటు తిరుగుతుంటే నాకు గాబరా అయితున్నది."

"కూసున్న. చెప్పు మరి. ఎన్ని రోజుల సంది కాగుతున్నది?"

"నేను నడుపుడు నేర్చినకాడి నుంచి. ఏడాదిన్నర."

"ఏడాదిన్నర సంది కాగుతుంటే ఇప్పుడా తెచ్చుడు? ఇంజన్ పట్టేస్తది గదమ్మా!"

"దినాం కాగదు. వారంల ఒకసారి, రెండుసార్లు. జరసేపు చూస్త, సల్లవడ్డంక నీళ్లు పోస్త, మళ్ల నడుస్తది. ఇయ్యాల మాత్రం తెల్లటి పొగ లేచింది. మూత సందుల నుంచి నీళ్లు కొట్టింది."

"వేడి చూపే ముల్లు ఎక్కుతున్నదా?"

"ఎక్కుతది. ఎర్రగీత దాంక పోతది."

"గడ్డలు ఎక్కేటప్పుడా?"

"కాదు. రాయికోడ్ తొవ్వల గడ్డలేమున్నయి?"

"ఏసీ పెడ్తవా?"

"దాంట్ల ఏసీ యాడిదన్నా, నువ్వే తీసి పారేసినవు గదా."

"అవు. తీసిన. యాద్ మరిచిన. మరి యాడ ఎక్కుతది ముల్లు? ఊర్ల? మార్కెట్ల బండ్లు ఆగినకాడ?"

"ఊర్ల ఏం గాదు. తొవ్వల్నే. ఒక్క తానే."

"ఒక్క తానేనా? అదెట్ల? ఇంజన్‌కు తావులు ఎరుకుంటయా?"

"దీనికి ఎరుకున్నది."

"యాడ?"

"మోరీ కాడ."

"ఏ మోరీ?"

"నీకెరుకనే అన్నా, ఏ మోరీనో."

"రాయికోడ్ తొవ్వల రోడ్డు కింద నీళ్లు పారే మోరీలు పది ఉన్నయి."

"పక్కన బాయి ఉన్న మోరీ."

"సల్లారింది కావచ్చు. చూద్దాం."

"అర్ధగంట అన్నవు. పది నిమిషాలు గూడ కాలేదు."

"నూనె చూడొచ్చు. నూనె చూసుటానికి మూత తియ్యనవసరం లేదు."

విరూపాక్ష నూనె పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసి ఎండకు పట్టి చూశాడు.

"ఏమున్నదన్నా?"

"మంచిగున్నది. నల్లగనే ఉన్నది."

"నల్లగుంటే మంచిదా?"

"నల్లగుంటే పాతవడ్డట్టు, గంతే. పాల లెక్క తెల్లగ నురుగు వచ్చిందనుకో, అప్పుడు భయం. ఇంజన్ తలకాయ కింద గ్యాస్కెట్ ఉంటది. అది పోతే నీళ్లు నూనెల కలుస్తయి. అట్ల కాలేదు. నీ నసీబు మంచిది."

"నా నసీబు."

"మాటకు అంటి, చెల్లె."

"చెల్లె అన్నవు."

"నోటికొచ్చింది. కింద చూస్త జరుగు. పైపులు గట్టిగనే ఉన్నయి. కింద నీళ్లు కారిన జాడ లేదు. బెల్టు బిర్రుగున్నది. రేడియేటర్ జాలి గూడ సాఫ్ ఉన్నది, మన్ను పట్టలేదు. బాగనే చూసుకుంటున్నవు దీన్ని."

"ఆదివారం ఆదివారం కడుగుత. ఆయన కడుగుతుండె గదా."

"ఊఁ."

"జాలి లోపలికి పైపుతోని నీళ్లు కొడ్తుండె, యాదున్నదా? బట్టలన్ని తడుపుకొని వస్తుండె."

"ఇగ మూత తీస్త. గుడ్డ ఏసి తీస్త. ఎనుకకు పో."

"పోయిన."

"చూసినవా, సగం గూడ లేవు నీళ్లు. అన్ని ఎగిరినయి. నింపుత. నింపి ఇంజన్ చాలు చేసి చూద్దాం. ఏం చేస్తున్నదో అదే చెప్తది."

"అది చెప్తదా?"

"చెప్తది. మనుషులే చెప్పరు."

నీళ్లు నింపాక ఇంజన్ మొదలైంది. విరూపాక్ష పై గొట్టం మీద, కింద గొట్టం మీద మార్చి మార్చి చెయ్యి పెడుతూ నిలబడ్డాడు. ఎనిమిదో నిమిషానికి ముల్లు సగం దాటింది.

"ఇగో చూడు, ఇటు రా. మీది పైపు కాలుతున్నది, కిందిది గూడ కాలుతున్నది. అంటే నీళ్లు తిరుగుతున్నయి. పంపు మంచిగున్నది. లోపల వాల్వు తెరుచుకుంటున్నది. దోషం అండ్ల లేదు."

"మరి యాడున్నది?"

"ముందల చూడు. జాలి ఎనుక. ఏం కనవడుతున్నది?"

"ఫ్యాన్."

"తిరుగుతున్నదా?"

"లేదు."

"ఇంత కాగినంక తిరగాలె. తిరుగుతలేదు. ఇప్పుడు ఈ రెండు వైర్లు నేను ముక్క తీగతోని కలుపుత. చూడు."

"అమ్మో!"

"తిరిగింది గదా? ఫ్యాన్ మోటరు బతికే ఉన్నది. దానికి 'వేడైంది, తిరుగు' అని చెప్పే సెన్సార్ సచ్చింది. చిన్న ముక్క. బొటనవేలంత. గంతే రోగం."

"గంతేనా? గంత చిన్నదానికి ఇంత పొగనా?"

"గంత చిన్నదానికే. ముల్లు చూడు, ఎట్ల దిగుతున్నదో."

"దిగుతున్నది. మరి రోడ్డు మీద ఎందుకు కాగదన్నా? దవాఖానకు పోయి వస్త, ఊర్లె తిరుగుత, ఏం గాదు."

"బండి నడుస్తుంటే ఎదురుగాలి జాలికి కొడ్తది. ఆ గాలే దాన్ని సల్లవరుస్తది. ఫ్యాన్‌తోని పనే లేదు. ఎంత దూరమన్న పో, ఏం గాదు. ఆపి, ఇంజన్ బంద్ చెయ్యకుండ నిలవెడ్తెనే కాగుతది. పది నిమిషాలు, పదిహేను నిమిషాలు. అందుకే అడుగుతున్న. ఆ మోరీ కాడ నువ్వు ఆపుతున్నవా?"

"లేదు."

"చెల్లె. ఇంజన్ చెప్పింది. ఆపకుంటే అది కాగదు."

"జరసేపు."

"ఎంతసేపు?"

"ఏమో. గడియారం చూస్తనా?"

"ఎర్రగీత దాంక పోవాలంటే పావుగంటకు మీదనే ఉండాలె. ఇయ్యాల ఇంత పొగ లేచిందంటే అర్ధగంట. ఇంజన్ నడిపించుకుంట అర్ధగంట ఏం చేస్తవు ఆడ?"

"ఏం చెయ్య. కూసుంట."

"కూసుంటే ఇంజన్ బంద్ చెయ్యరాదా? బంద్ చేసి ఎంతసేపు కూసున్నా కాగదు గదా."

"బంద్ చెయ్యరాదు."

"ఎందుకు? మళ్ల స్టార్ట్ కాదా? బ్యాటరీ వీకా?"

"బ్యాటరీ గాదు. బంద్ చేస్తే వినవడుతది."

"ఏం వినవడుతది?"

"నవ్వుతవు నువ్వు."

"నవ్వ. చెప్పు."

"డబ్బ చప్పుడు. ఖాళీ డబ్బ రాళ్లకు తాకినట్టు. టక్ అంటది. జరసేపు ఆగి మళ్ల టక్ అంటది."

"గాలికి ఏదన్న తాకుతది. పొలాలల్ల రేకులు కడ్తరు, పిట్టలు రాకుండ."

"గాలి లేనినాడు గూడ అయితది. జొన్న కోసినంక గూడ అయితది. ఆ బాయి పూడ్చిన్రన్నా, పోయిన ఏడు. ట్రాక్టర్లతోని మన్ను పోసి పూడ్చిన్రు. మీద కంది గూడ పెట్టిన్రు. అండ్ల బాయే లేదు ఇప్పుడు. ఇంకా టక్ అంటనే ఉన్నది."

"మరి ఎందుకు ఆపుతవు? ఆపకుండ సీదా పో."

"పోయిన ఒకనాడు. కండ్లు మూసుకున్నంత పని చేసి, ఆపకుండ పోయిన. దవాఖాన గేటు దాంక ఎనుక సీట్ల నుంచి అయింది చప్పుడు. అప్పటి సంది ఆపుతున్న. ఆపితే ఎనుక రాదు. ఇంజన్ నడుస్తుంటే చెవులకు జర తక్కువ వడుతది."

"ఎవ్వలకన్న చెప్పినవా ఇది?"

"ఎవ్వలకు చెప్పాలె? దవాఖానల డాక్టరమ్మకు చెప్తే నిద్రగోళీలు రాసిచ్చింది. అవి ఏసుకొని నైట్ డ్యూటీ ఎట్ల చేస్త?"

"నేను సెన్సార్ మార్చిస్త. ఇగ కాగదు."

"ఆపినా కాగదా?"

"ఆపినా కాగదు. గంట కూసున్నా కాగదు."

"మంచిగనే అయితది మరి. ముక్క దొరుకుతదా? పాత కారు గదా, హైదరాబాద్ పోవాల్నా?"

"ఉన్నది. ఈడనే ఉన్నది."

ఆయన గల్లా కింది సొరుగు లాగి, మూల నుంచి దుమ్ము పట్టిన చిన్న అట్టడబ్బా తీశాడు. ఆమె చెయ్యి చాచి దాన్ని అందుకుంది.

"ఇది ఎప్పుడు తెప్పించినవన్నా?"

"మొన్న."

"మొన్న తెచ్చినదానికి ఇంత దుమ్మా?"

"షెడ్డుల దుమ్ముండదా?"

"మీద పేరు రాసున్నది. రామచందర్ అని. నీ చేతిరాతే."

"ఇటియ్యి చెల్లె, బిగిస్త."

"ఆయన కోసం తెప్పించినవు."

"అవు. ఆ వారం ముందే తెచ్చి చూపించిండు బండి. ఫ్యాన్ ఒకసారి తిరుగుతున్నది, ఒకసారి తిరుగుతలేదన్నడు. చూస్తే ఇదే సెన్సార్. ఈడ దొరకలే. హైదరాబాద్ చెప్పి పంపిన. వచ్చేసరికి... మూడోనాడు వచ్చింది. ఆయన పోయిన మూడోనాడు. ఎవ్వలకియ్యాలె? సొరుగుల ఏసిన."

"అంటే ఆనాడు గూడ ఇదే రోగమా దీనికి?"

"ఇదే."

"అచ్చం ఇదే?"

"ఇదే అంటున్న గదా. సెన్సార్ వచ్చేదాంక ఊకె నిలవెట్టి నడుపకు, నడుస్తున్నంతసేపు ఏం గాదు అని చెప్పి పంపిన ఆయనను."

"నడుస్తున్నంతసేపు ఏం గాదు."

"ఏం గాదు."

"అన్నా, ఆయన ఆఖరి ఫోన్ నీకే చేసిండు."

"పాన యాడ పెట్టిన? సన్నది. పదహారు నంబరు..."

"నీ ముందటనే ఉన్నది. ఆఖరి ఫోన్ నీకే. మోరీ కాడ దిగి, డబ్బ పట్టుకొని పొలం గట్టెక్కి పోయినంక చేసిండు. నాలుగు నిమిషాలు మాట్లాడిండు. పోలీసోళ్లు నంబర్ చూసి చెప్పిన్రు నాకు."

"నన్నూ అడిగిన్రు. చెప్పిన."

"ఏం చెప్పినవు?"

"ఏముంటది? ఇంజన్ కాగిందన్నా అన్నడు. నీళ్లు పొయ్యి, సల్లవడినంక పో అన్న."

"నాలుగు నిమిషాలు ఇదేనా?"

"ఆయన జర నిమ్మళంగ మాట్లాడే మనిషి గదా."

"కాగిందన్నడా?"

"అన్నడు."

"ఎట్ల కాగింది?"

"ఎట్లంటే?"

"నువ్వే చెప్తున్నవు. నడుస్తున్నంతసేపు ఏం గాదని. ఆనాడు ఇంట్లెకెళ్లి ఎల్లి యాడా ఆపలేదు. ఛాయ్ తాగలేదు, పెట్రోల్ పోసుకోలేదు. సీదా పోతున్నం. మోరీ కాడ ఆపిండు, ఆపంగనే బంద్ చేసిండు. మరి ఎట్ల కాగింది?"

"ఒక్కొక్కసారి కాగుతది."

"ఇప్పుడే కాగదు అంటివి."

"ఎండ. మే నెల ఎండ. ఆనాడు ఎండ బాగుండె."

"ఇయ్యాల లేదా ఎండ? ఇయ్యాల ఆడికెళ్లి ఈడి దాంక ఎండల్నే తెచ్చిన. మోరీ కాడ పొగ లేచింది. నీళ్లు పోసి నడిపిన. ఈడికొచ్చి ఈ షెడ్డు ముందట, నువ్వు బయటికొస్తవా రావా అని ఇంజన్ బంద్ చెయ్యకుండ కూసున్న. అప్పుడు మళ్ల లేచింది. తొవ్వ పొడుగున ముల్లు నడుమనే ఉన్నది."

"నువ్వు నన్నెందుకు అడుగుతున్నవు చెల్లె? ఆనాడు బండ్లె ఉన్నది నువ్వు. కాగింది, నీళ్లకు పోయిండు అని పంచనామల రాయించింది నువ్వు. నేను గూడ నువ్వు చెప్పిందే చెప్పిన."

"అదే అడుగుత. నేను చెప్పిందే నువ్వెందుకు చెప్పినవు?"

"మరి ఏం చెప్పాలె? నీ మాట ఒక తీరు, నా మాట ఒక తీరు ఉంటే నీ అత్తగారోళ్లు నిన్ను బతకనిస్తరా?"

"అంటే వేరే మాట ఉన్నదన్నట్టు."

"నేను గట్ల అనలేదు."

"అన్నవు."

"నీళ్లు తాగు చెల్లె. తర్వాత మాట్లాడుదాం."

"వద్దు. నేను చెప్త, విను. ఎవ్వలకు చెప్పలేదు ఇది. మా అమ్మకు చెప్పలేదు. ఆనాడు యాడికి పోతున్నమో ఎరుకేనా నీకు?"

"మీ మరిది వికాస్ ఇంటికి. బిడ్డ పుట్టింది గదా, తొట్టెల అని."

"ఆ, తొట్టెల. పన్నెండుకు ముహూర్తం. మా లగ్గమై అప్పటికి తొమ్మిదేండ్లు. మూడుసార్లు కడుపు నిలిచి, పోయింది నాకు. మూడోసారి ఐదో నెల. నువ్వు ఎరుగుదువు, దవాఖానకు తీస్కపోయింది ఈ కారులనే."

"ఎరుగుదు."

"ఎందరి పిల్లలను ఈ చేతులతోని పట్టిననో లెక్క లేదన్నా. బొడ్డు కోసి, తుడిచి, తల్లి పక్కన పండవెట్టిన. దవాఖానల ఎవ్వలు ఏమనరు. ఇంట్ల మాత్రం, తొట్టెల్ల పిల్లను ఏసేటప్పుడు ఐదుగురు ఆడోళ్లను పిలుస్తరు, నా దాంక వచ్చేసరికి ఒకల మొకం ఒకలు చూసుకుంటరు. ఏమనరు. ఒక్క మాటనరు. 'వదినా, నువ్వు ఆ వంట కాడ జర చూడు' అంటరు. అంతకుముందు రెండు తొట్టెలల్ల అట్లనే అయింది. నాకు పోబుద్ధి కాలేదు."

"ఆయనకు చెప్పరాదా?"

"ఎట్ల చెప్పాలె? తమ్ముని బిడ్డ. వారం సంది సంబురపడుతున్నడు. ఎండి మొలతాడు కొన్నడు. ఆ పొద్దు తెల్లంగి ఏసుకున్నడు. నేను పోను అంటే తనూ ఆగిపోతడు, లేకుంటే ఒక్కడే పోతడు. రెండూ ఇష్టం లేకుండె. లేట్ అయితే చాలు అనుకున్న. పన్నెండు దాటిందంటే పిల్లను తొట్టెల్ల ఏసేస్తరు. అప్పుడు పోయి తిని రావచ్చు. అందుకని..."

"అందుకని?"

"మోరీ దగ్గరికొచ్చేసరికి, ఏదో కాలిన వాసన వస్తున్నది, ఇంజన్ కాగుతున్నట్టున్నది, ఆపు అన్న."

"వాసన రాలేదా?"

"రాలేదు. ఏం రాలేదు. పచ్చి అబద్ధం. ముల్లు నడుమనే ఉన్నదే అన్నడు ఆయన. ముల్లు ఖరాబైందేమో, జర ఆపు అన్న. ఆపిండు. దిగి బానెట్ లేపిండు. చెయ్యి పెట్టి చూసిండు. చూసి ఏమన్నడో తెలుసా? 'అవు మహేశ్వరీ, బాగ కాగింది, ఇట్లనే పోతే ఇంజన్ పట్టేస్తుండె, మంచిగ చెప్పినవు. నువ్వు లోపల కూసో, నీళ్లు తెస్త' అన్నడు. డబ్బ తీస్కొని గట్టెక్కిండు. మళ్ల రాలేదు."

"చెల్లె..."

"ఆగు, అయిపోలేదు. ఆయన కాగిందనె. పోలీసోళ్లకు నువ్వు గూడ కాగిందంటివి. నేను అబద్ధమాడిన, ఇద్దరు మగోళ్లు అది నిజమే అంటున్నరు. అప్పుడు నాకేమనిపించిందో చెప్పాలా? నేను నోటికొచ్చింది అన్న, గాని దేవుడు అప్పుడే దాన్ని నిజం చేసిండేమో అనుకున్న. నిజంగనే కాగిందేమో, నాకు తెల్వకుండనే నేను నిజం చెప్పిననేమో. అట్లయితే ఆయన ఉన్న రోగానికే నీళ్లకు పోయిండు. ఆ మాట పట్టుకొని బతికిన ఈ రెండేండ్లు. ఆ మోరీ కాడ ఇంజన్ కాగుతుంటే లోపల్లోపల నాకు ధైర్యమైతుండె. చూసినవా, ఈ తానకొస్తే కాగుతది ఇది, ఆనాడు గూడ కాగింది అనుకుంటుంటి. ముల్లు ఎక్కుతుంటే బంద్ చెయ్యకుండ చూసుకుంట కూసుంటుంటి. ఇప్పుడు నువ్వేమో, నడిచే బండి కాగదు అంటున్నవు."

"నేను బండి సంగతి చెప్పిన. ఆనాటి సంగతి గాదు."

"ఒక్కటే బండి గదా. ఒక్కటే రోగం. నువ్వే చెప్పినవు. అందుకే అడుగుత, ఒక్క మాట చెప్పు. ఆ ఫోన్ల ఆయన కాగిందన్నడా, లేదా?"

"అన్నడు."

"నా దిక్కు చూసి చెప్పు."

"అన్నడు చెల్లె. కాగిందన్నడు. ఇగ దీన్ని ఇడిసిపెట్టు. మనిషి పోయిండు. కాగితే ఏంది, కాగకుంటే ఏంది? సెన్సార్ బిగిస్త, తీస్కపో, ఆ తొవ్వ ఇడిసి బస్సుల పో డ్యూటీకి."

"ఆ పాన మీద చెయ్యి పెట్టి చెప్పు. దసరాకు పసుపు కుంకుమ పెట్టి మొక్కుతవు దానికి. దాని మీద చెయ్యి పెట్టి, కాగిందన్నడు అని చెప్పు. నేను లేచి పోత. మళ్ల ఈ షెడ్డు మొకం చూడ."

విరూపాక్ష చెయ్యి పాన దాకా వెళ్లింది. దాన్ని తాకకుండానే ఆగిపోయింది.

"పెట్టు అన్నా."

"పెట్టలేను."

"అయితే కాగలేదు."

"కాగలేదు."

"నా అబద్ధమే తిన్నది ఆయనను."

"ఆగు. నా సంగతి గూడ విని అప్పుడు ఏడువు. ఇన్ని దినాలు నీ మొకం చూడకుండ ఎందుకు తిరిగిననో తెలుసా? ఆ బాయి జాడ చెప్పింది నేను. మోరీ దాటినంక గట్టు మీద పో, గురులింగప్ప చెలుక వస్తది, అండ్ల పెద్ద యాపచెట్టున్నది, దాని కిందనే బాయి, నీడ సల్లగుంటది అని నేనే చెప్పిన. నవ్వుకుంట చెప్పిన. ఆ బాయి ఒడ్డు కూలి ఉన్నదని నాకు తెల్వదు. ఏండ్ల కింద చూసిన బాయి. తెల్లారి ఆయన శవాన్ని తీస్తుంటే ఎనుక నిలవడి చూసిన. ముందటికి రాలేకపోయిన. నువ్వు అబద్ధం చెప్పి దిగుమన్నవు, అంతే. ఆ ఒడ్డు దాంక తీస్కపోయింది నేను."

"నీడ అని ఎందుకు చెప్పినవు?"

"ఏంది?"

"నీళ్లకు పోయిన మనిషికి నీడ సల్లగుంటదని ఎందుకు చెప్పినవు?"

"అది... ఆయన అడిగిండు."

"నీడ అడిగిండా? నీళ్లు యాడున్నయని అడుగలేదా?"

"అడుగలేదు."

"మరి ఏమన్నడు? నాలుగు నిమిషాలు ఏమన్నడు అన్నా? ఒక్క మాట గూడ దాచకు."

"దాచ. 'ఇంజన్ సల్లగనే ఉన్నది అన్నా' అన్నడు. 'మా మహేశ్వరికి ఆ తొట్టెల కాడికి పోబుద్ధి అయితలేదు, చెప్పలేక వాసన అంటున్నది. పొద్దుగాల్నే అడుగకపోతినని నాకు బాధైతున్నది. పన్నెండు దాటేదాంక యాడనన్న కూసొని వస్త, జర నీడ ఉన్న తావు చెప్పు' అన్నడు. నేను బాయి, యాపచెట్టు చెప్పిన. 'అయితే డబ్బ గూడ అండ్లనే ముంచుత' అన్నడు. చెట్టు కింద కూసొని అట్లనే ఎనుకకు పో, బాయిలకెందుకు దిగుడు, కాగని ఇంజన్‌కు నీళ్లెందుకు అని గూడ అన్న చెల్లె, ఒట్టు. 'ఖాళీ డబ్బతోని పోతే తన అబద్ధం నాకు దొరికిందని చిన్నబోతది అన్నా, నింపుకొనే పోత' అన్నడు."